రాతియుగం తిండీ – మన కోనసీమ కంచం

ఈ మధ్య మన హాస్టల్లోనూ, అమలాపురం బస్సుల్లోనూ కూడా "నేను అన్నం మానేశానండీ" అనే మాట తరచుగా వినబడుతోంది. 2017, 2018 ప్రాంతాల్లో వీరమాచనేని రామకృష్ణ గారి ఆహార విధానం తెలుగునాట ఊరూరా పాకినప్పుడు అన్నం మాని కొబ్బరినూనె తాగినవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. ఆ గాలి కొంత తగ్గేసరికి 'పేలియో' అనే ఇంకో మాట వచ్చింది. పేలియో అంటే పాతరాతియుగపు మనిషి తిండి. మాంసం, చేప, గుడ్డు, కాయలు, పళ్ళు, దుంపలు, గింజపప్పులు తినవచ్చు. ధాన్యాలు, పప్పుధాన్యాలు, పాలు, పంచదార, మిల్లు నూనెలు మాత్రం ముట్టకూడదు.

నేను వరి పండించే ఇంట్లో పుట్టినవాణ్ణి. మా ఇంట్లో ఇద్దరు షుగరు మాత్రలు వేసుకుంటున్నారు. కాబట్టి మనం పండించేదే మనకు రోగం తెస్తోందా అన్న ప్రశ్న నాకు పరీక్షల్లో వచ్చే ప్రశ్నలాంటిది కాదు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి వారి సర్వే ప్రకారం దేశంలో పది కోట్లమందికి పైగా మధుమేహం ఉంది. వయోజనుల్లో 11.4 శాతం అన్నమాట. ఇంత మందికి సంబంధించిన విషయాన్ని సెల్‌ఫోనులో చూసిన నాలుగు మాటలతో తేల్చుకోవడం సైన్సు విద్యార్థులకు తగదని, తెలిసినంతవరకు ఇక్కడ వ్రాస్తున్నాను.

ఈ వాదానికి మూలం ఏమిటంటే – మనిషి రాతి పనిముట్లు చేయడం నేర్చి పాతిక లక్షల సంవత్సరాలు దాటింది. వ్యవసాయం నేర్చి పదివేల సంవత్సరాలు మాత్రమే. కనుక మన జన్యువులు వేట, ఏరుకు తినడం అనే జీవితానికే అలవాటుపడి ఉన్నాయి, ధాన్యం వాటికి కొత్త చుట్టం, అంటారు. 1975లో వాల్టర్ వేగ్ట్లిన్ అనే అమెరికన్ డాక్టరు దీనిమీద పుస్తకం వ్రాశాడు. దీనికి శాస్త్ర గౌరవం తెచ్చింది మాత్రం 1985లో బోయిడ్ ఈటన్, మెల్విన్ కానర్ అనే ఇద్దరు న్యూ ఇంగ్లండ్ వైద్య పత్రికలో వ్రాసిన వ్యాసం. వాళ్ళ లెక్కలో రాతియుగపు మనిషికి రోజుకు పీచు పదార్థం 45 గ్రాముల పైచిలుకు, సోడియం 690 మిల్లీగ్రాములు మాత్రమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈనాడు పెట్టిన హద్దు రెండువేల మిల్లీగ్రాములు. ఆవకాయ, ఎండుచేప, అప్పడం ముందు పెట్టుకుని కూర్చునే మనం ఆ హద్దును ఏ పూటకు దాటేస్తామో చెప్పనక్కరలేదు. 2002లో లోరెన్ కార్డెయిన్ పుస్తకంతో ఈ తిండి అమెరికాలో ఫ్యాషన్ అయింది. మన దగ్గరకు రావడానికి ఇంకో పదిహేనేళ్ళు పట్టింది.

సరే, మరి మన తెలుగుదేశంలో రాతియుగపు మనిషి ఉన్నాడా? నిక్షేపంగా ఉన్నాడు. అప్పటి కర్నూలు జిల్లాలోని బిల్లసర్గం గుహలను రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1880లలో త్రవ్వించాడు. బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో, 74 వేల సంవత్సరాల క్రితం సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం బ్రద్దలై ఎగజిమ్మిన బూడిద పొర ఉంది. ఆ పొర క్రిందా, పైనా కూడా మనుషుల రాతి పనిముట్లు దొరికాయని 2007లో ప్రకటించారు. అయితే మన కోనసీమలో మాత్రం అలాంటివి వెదకడం దండగ. ఈ లంకలూ, దిబ్బలూ చాలావరకు గడచిన ఆరేడు వేల సంవత్సరాలలో గోదావరి తెచ్చి పోసిన ఒండ్రే. రాతియుగం మనిషి బ్రతికి ఉన్న కాలంలో మన రాజోలు, మన అమలాపురం ఇంకా పుట్టలేదు! ఈ నేలమీద కాలుపెట్టిన మొదటి మనిషికి వ్యవసాయం అప్పటికే తెలిసి ఉండటానికే ఎక్కువ అవకాశం. కోనసీమవాళ్ళకు రాతియుగం తాతలు ఉంటే వాళ్ళు వేరేచోటివాళ్ళు.

ఆ తాతలు ఏం తిన్నారన్నది అసలు చిక్కు. వేట మాంసమే తిన్నారని చాలామంది అనుకుంటారు. ఎముకలు నేలలో నిలుస్తాయి, ఆకులూ దుంపలూ కుళ్ళిపోతాయి. అందుకని త్రవ్వినవాళ్ళకు మాంసం తిన్న గుర్తులే ఎక్కువ కనబడేవి. ఇప్పుడు సూక్ష్మదర్శిని క్రింద పళ్ళ గారను పరీక్షిస్తున్నారు. నియాండర్తల్ మనుషుల పళ్ళ గారలో ఉడికిన పిండి రేణువులు దొరికాయని 2011లో తేలింది. దక్షిణాఫ్రికాలోని బోర్డర్ గుహలో లక్షా డెబ్బైవేల ఏళ్ళ నాటి కాలిన దుంపలు దొరికాయని 2020లో ప్రకటించారు. ఇజ్రాయెల్‌లోని ఒహాలో అనేచోట 23 వేల ఏళ్ళ క్రితమే అడవి గింజలను రాతిమీద నూరుకున్నారు. మన లాలాజలంలో పిండిని చక్కెరగా మార్చే అమైలేజ్ ఎంజైము ఉందిగదా, పిండిపదార్థాలు ఎక్కువ తినే జాతులలో ఆ జన్యువు నకళ్ళు ఎక్కువ ఉంటాయని 2007లో కనిపెట్టారు. అంటే జన్యువులు పదివేల ఏళ్ళుగా గుడ్లప్పగించి చూస్తూ కూర్చోలేదు.

దూరం ఎందుకు, మన నల్లమల చెంచులు ఉన్నారు. ఫ్యూరర్ హైమండార్ఫ్ అనే మానవశాస్త్రజ్ఞుడు 1940లో వాళ్ళ మధ్య ఉండి, 1943లో పుస్తకం ప్రకటించాడు. విల్లంబులు చేతపట్టుకున్నా చెంచుల కడుపు నింపింది ముఖ్యంగా అడవి గడ్డలూ, పళ్ళూ, ఆకులే. వేట దొరికిన రోజు పండుగ. గడ్డ త్రవ్వే గునపపు కర్ర ఆడవాళ్ళ చేతిలో ఉండేది. ఇల్లు గడిపింది ఆ కర్రే అంటే అతిశయోక్తి కాదు.

దుంప తినడమంటే వంట చేయడమే. బోటనీ ప్రాక్టికల్స్‌లో మనం చేమ కాడను కోసి చూసినప్పుడు సూదులకట్టల్లా కనబడేవి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు. నాలుక దురదకు అవే కారణం. కందలోనూ అవే. కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నారు గాని, చేతులకూ నాలుకకూ మాత్రం తప్పదు. బాగా ఉడికించి, చింతపండు పులుసు పోసి లొంగదీసుకోవాలి. నిప్పు లేకపోతే కంద లేదు. పేలియో పేరుతో పచ్చివి తినమనేవాళ్ళు ఒకసారి మా దొడ్లో పచ్చి కందముక్క కొరికి చూస్తే మంచిది.

రాతియుగం మనిషికి గుండెజబ్బు లేదనడం కూడా తొందరపాటే. 2013లో నాలుగు ప్రాంతాలకు చెందిన 137 ప్రాచీన శవాలను స్కానింగ్ చేస్తే మూడోవంతు వాటిలో రక్తనాళాలు గట్టిపడిన గుర్తులు కనిపించాయి. అలాస్కా వైపు అల్యూషియన్ దీవులలో వేటతో, చేపలతో బ్రతికినవాళ్ళూ అందులో ఉన్నారు.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే ఆకర్షించిన సంగతి చెబుతాను. పపువా న్యూగినీలో కిటావా అనే చిన్న దీవి ఉంది. స్టఫాన్ లిండెబెర్గ్ అనే స్వీడన్ డాక్టరు 1990 ప్రాంతంలో అక్కడి జనాన్ని పరీక్షించాడు. వాళ్ళ తిండి ఏమిటనుకున్నారు? పెండలం, చేమదుంప, చిలగడదుంప, కొబ్బరికాయ, పళ్ళు, చేప. నూనె, పంచదార, మిల్లు ధాన్యం, పాలు దాదాపు శూన్యం. శక్తిలో 69 శాతం పిండిపదార్థాలనుంచే. క్రొవ్వు 21 శాతం, అదీ ఎక్కువగా కొబ్బరిది. మూడొంతులమందికి పైగా పొగ తాగేవారు. అయినా పక్షవాతం, గుండెపోటు ఆ దీవిలో ఎవరూ ఎరగరు. ఊబకాయులు కనబడలేదు. పేలియోవాదులు తమ సాక్ష్యంగా చూపించేది ఈ దీవినే. పిండిపదార్థమే శత్రువు అనేవాళ్ళకు మాత్రం ఇది గొంతులో ముల్లు.

ఆ జాబితా మళ్ళీ ఒకసారి చదవండి. కొబ్బరి, చేమ, పెండలం, చిలగడదుంప, పళ్ళు, చేప. ఇది అంబాజీపేట దారిలో ఏ తోటలో దిగినా కనబడే సరుకే గదా! కొబ్బరి చెట్ల మధ్య అరటి, కంద, దొడ్లో పనస, గట్టుమీద తాడి. కిటావావాళ్ళ కంచంలో ఉన్నదంతా కోనసీమ తోటలో ఉంది. మన కంచంలో మాత్రం లేదు. అక్కడ కొబ్బరి తింటారు. మనం కొబ్బరిని లారీ ఎక్కించి, ఆ డబ్బుతో ఇండోనేషియా, మలేషియాలనుంచి దిగుమతి అయిన పామాయిల్ కొనుక్కుంటున్నాం. కంద కూడా అంతే. కొవ్వూరు పరిశోధనా కేంద్రంనుంచి వచ్చిన గజేంద్ర రకం వేసి బాగానే పండిస్తున్నాం, కాని ఇంట్లో కందబచ్చలి పెళ్ళి వంటకం అయిపోయింది.

మరి అన్నం సంగతి? ఇక్కడ మన ప్రాంతపు చరిత్రలో మనమే మరచిపోయిన ఘట్టం ఒకటుంది. వందేళ్ళ క్రితం మన ఉత్తర సర్కారు జిల్లాలు బెరిబెరి వ్యాధికి పేరుమోశాయి. కాళ్ళు తిమ్మిరెక్కి, చచ్చుబడి, ఒళ్ళు నీరు పట్టి, గుండె ఆగి పోయేవారు. దేశంలో ఎక్కడా లేనంతగా ఈ కోస్తాపట్టీలోనే ఎందుకుందని కూనూరులో మెక్కారిసన్ 1918 నుంచి పరిశోధన మొదలుపెట్టాడు. 1924లో నారిస్‌తో కలిసి దీనిమీద గ్రంథమే వ్రాశాడు. తరువాత 1935లో ఆ ప్రయోగశాలకు వచ్చిన ఏక్రాయిడ్ కూడా బియ్యం మీద ఎంతో పని చేశాడు. తేలిందేమిటంటే, మద్రాసు రాష్ట్రంలో మిగతాచోట్ల ఉప్పుడు బియ్యం తినేవారు. వడ్లను ఉడకబెట్టేటప్పుడు పైపొరలోని బి విటమిన్ గింజలోకి ఇంకుతుంది, మిల్లు పట్టినా కొంత మిగులుతుంది. మనవాళ్ళు తినేది పచ్చి బియ్యం. రోట్లో దంచుకున్నంతకాలం తవుడు కొంత అంటుకొని ఉండేది, ఇబ్బంది లేదు. మిల్లు వచ్చి గింజను ముత్యంలా మెరిపించేసరికి విటమిన్ తవుడులోకి పోయి గేదెలకు చేరింది. పైగా మూడుసార్లు కడిగి, గంజి వార్చి పారబోస్తే ఇంకేం మిగులుతుంది? గేదె గట్టిపడింది, మనిషి పడిపోయాడు.

ఈ కథను జావాలో కోళ్ళమీద ముందే కనిపెట్టిన ఐక్మన్‌కు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. మన బెరిబెరి ఈనాడు పోయింది. అది పోవడానికి ఎవరూ అన్నం మానుకోలేదు, గుహల్లోకి వెళ్ళలేదు. మిల్లు తీసేసిన దాన్ని పప్పు, కూర, మాత్రల రూపంలో ఏదో దారిన తిరిగి ఇచ్చారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం 1945లో అమెరికాలో కృత్రిమంగా తయారుచేసిన ఫోలిక్ ఆమ్లాన్ని కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 2024 నాటికి ప్రభుత్వం రేషన్ బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి-12 చేర్చిన గింజలు కలిపి ఇచ్చింది. వాటిని ప్లాస్టిక్ బియ్యం అని ఏరి పారేసినవాళ్ళు ఉన్నారు! గోదావరి జిల్లా బిడ్డ కనిపెట్టిన సరుకును గోదావరి జిల్లాలోనే చాటలో ఏరి బయట పోశాం.

అప్పుడు మిల్లు పట్టడంవల్ల వచ్చింది బెరిబెరి. ఇప్పటి రోగం షుగరు. రెండూ ఒకటి కావు, కాని గింజ అదే, మెరుపు అదే. చెన్నైలో మోహన్ గారి బృందం 2014లో ప్రకటించిన పరీక్షలో, తెల్లబియ్యం బదులు దంపుడు బియ్యం పెడితే రోజు మొత్తంమీద రక్తంలో గ్లూకోజు పెరుగుదల దాదాపు ఐదోవంతు తగ్గింది.

మిగతా దోషం లెక్కలో ఉంది. మా ఇంట్లో ఐదుగురికి నెలకు యాభై కిలోల బియ్యం అవుతాయి. మనిషికి రోజుకు 330 గ్రాములు. టిఫినుకు వాడే ఇడ్లీరవ్వ, గోధుమరవ్వ కలిపితే 400 దాటుతుంది. వంద గ్రాములకు 350 కేలరీల చొప్పున 1400 కేలరీలు. కూర్చుని పనిచేసే మగవాడికి రోజుకు 2110, ఆడవారికి 1660 కేలరీలు చాలునని హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వారి లెక్క. అదే సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం ధాన్యాలనుంచి 45 శాతం మించకూడదు. అంటే మగవాడికి 270 గ్రాములు, ఆడవారికి 210. మా ఇంటి కంచంలో మూడోవంతునుంచి సగం దాకా ధాన్యం ఎక్కువ ఉందన్నమాట. ఇదేదో మా ఇంటి వింత కాదు, ఏ ఇంట్లో తూచినా కాస్త ఇటూఅటూగా ఇదే వస్తుందనుకుంటాను.

మా తాతగారు ఇంతకంటే ఎక్కువే తినేవారట. అయితే ఆయన అరక దున్నారు, మోపులు మోశారు, గట్టు వేశారు. బరువు పనిచేసే మగవాడికి 3470 కేలరీలు కావాలి. ఇప్పుడు దున్నేది ట్రాక్టరు, కోసేది మిషను, చేనుదాకా మోసుకెళ్ళేది మోటారు సైకిలు. పని మూడోవంతుకు పైగా తగ్గింది, ముద్ద తగ్గలేదు. నేను ఈ లెక్కంతా కాగితంమీద వేసి చూపిస్తే మా నాన్నగారు, "ఒరే అబ్బాయీ, కూర ఎంతన్నా తగ్గించు, అన్నం తినకపోతే తిన్నట్టుండదురా" అన్నారు. ఆ మాటలోనే రోగం ఉంది. మనకు అన్నం అంటే భోజనం, కూర అంటే అన్నం లోపలికి పోవడానికి దారి.

అన్నం ఒక్కటే పెరగలేదు, దాని ప్రక్కన ఉండేవి పోయాయి. మా మామ్మ చెప్పే లెక్కలో కాలువ గట్టుమీద పొన్నగంటి, గలిజేరు, తోటకూర ఊరికే దొరికేవి. ఇప్పుడు గట్లకు కలుపుమందు కొడుతున్నాం. చేలల్లో నీరు తీసేటప్పుడు మావు వేస్తే పరిగెలు పడేవి. వాటిని ముల్లుతో సహా తినేవారు కనుక సున్నం కూడా లోపలికి పోయేది. పులస గురించి పాటకట్టినట్టు చెప్పుకుంటాం గాని, బీదసాదల ఎముకలు నిలబెట్టినవి పులసలు కావు, పరిగెలు. తేగలు, ముంజెలు, పనసతొనలు కాలానికొకటి వచ్చేవి. సాయంత్రం నాలుగింటికి వాటి స్థానంలో ఇప్పుడు బజ్జీలూ, బిస్కట్లూ, మూడుసార్లు టీ.

పేలియో తిండివల్ల లాభం లేదని నేను అనను. 2007లో ఇదే లిండెబెర్గ్ గుండెజబ్బు ఉన్న 29 మంది మగవాళ్ళమీద పన్నెండు వారాలు పరీక్షించినప్పుడు, మధ్యధరా దేశాల తిండి తిన్నవాళ్ళకంటే పేలియో తిన్నవాళ్ళకే గ్లూకోజు బాగా అదుపులోకి వచ్చింది. కాని 29 మంది, పన్నెండు వారాలు! మనం కెమిస్ట్రీ ల్యాబులో ఒక్క టైట్రేషన్ రీడింగు తెస్తే లెక్చరర్ గారు ఒప్పుకుంటారా? పంచదార, మైదా, నూనెల్లో వేయించినవి మానితే ఎవరికైనా మేలే. దానికి రాతియుగం పేరు పెట్టినా, మామ్మ పేరు పెట్టినా ఫలితం ఒకటే. పప్పు మానమనడం మాత్రం నాకు మింగుడుపడదు. మన దక్షిణాదిన నాలుగువేల ఏళ్ళ క్రితమే ఉలవలు, పెసలు, చిరుధాన్యాలు పండించినట్టు కర్ణాటక, రాయలసీమల బూడిదదిబ్బల కాలపు త్రవ్వకాల్లో కాలిన గింజలు సాక్ష్యం చెబుతున్నాయి. రోజూ మాంసం కొనలేని ఇంటికి మాంసకృత్తులు ఇచ్చేది ఆ పప్పే.

ఇంకొక మాట, ఇది తేలిగ్గా తీసుకోదగ్గది కాదు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడుతున్నవాళ్ళు ఒక్కసారిగా అన్నం మానేసి మందు అదే మోతాదులో వేసుకుంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. చెమటలు పట్టి, కళ్ళు తిరిగి, స్పృహ తప్పవచ్చు. తిండి మార్చదలచినవాళ్ళు ముందు డాక్టరుతో మందు సంగతి మాట్లాడుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్ళకు వీడియోలు చూపించే మన వయసువాళ్ళం ఈ ఒక్క మాట కూడా చెబితే బాగుంటుంది.

మా ఇంట్లో ప్రస్తుతానికి జరిగిందేమిటంటే, రాత్రిపూట అన్నం సగమై, ప్రక్కన కందో, చేమదుంపో, అరటికాయో వస్తోంది. అయితే ఇవి అన్నంతోపాటు కాక అన్నం బదులు తినాలి, ఎందుకంటే దుంపలోనూ ఉన్నది పిండే. దంపుడు బియ్యం సంగతే తేలలేదు. మన తూర్పుగోదావరి వైపు రబీలో పండే బొండాలు ఉప్పుడు బియ్యమై కేరళకు పోతాయి. మేం అదే తిందామంటే ఇంట్లో ఎవరికీ ఆ వాసన పడలేదు. పోనీ మా వడ్లే పాలిషు లేకుండా పట్టించుకుందామంటే, తవుడులో నూనె ఉంటుంది కనుక కొద్దివారాలకే ముక్కిపోతుంది, పురుగు కూడా తొందరగా పడుతుంది. సంవత్సరానికి సరిపడా ఒకేసారి మరపట్టించి బస్తాల్లో పెట్టుకునే అలవాటు దీనికి పనికిరాదు. పదిహేను రోజులకొకసారి అరబస్తా వడ్లు మిల్లుకు తీసుకెళ్ళాలి. అంత కొంచెం పట్టడానికి మిల్లువాళ్ళు ఒప్పుకోవాలి. "ఆయ్, అరబస్తా కోసం మిషను ఎవరు తిప్పుతారండీ" అని మా ఊరి మిల్లతను నవ్వాడు. పక్కింటివాళ్ళూ, మేమూ, ఇంకో రెండిళ్ళవాళ్ళూ కలిసి రెండు బస్తాలు చేసి తీసుకెళితే పడతానన్నాడు. ఆ రెండిళ్ళకోసం వెదుకుతున్నాం.